మతసంస్థల బడులకు గ్రాంటు: సరిహద్దు తెలుగువాళ్లం మరిచిపోతున్న 30వ అధికరణం

సంపాదకులు గారికి,

నమస్కారం. మతసంస్థలు నడిపే బడులకు ప్రభుత్వ ధనం ఇవ్వడంపై కోర్టుల్లో సాగుతున్న వ్యాజ్యాల గురించి ఈ మధ్య మీ పత్రికకు పాఠకులు రాసిన ఉత్తరాలు చదివాను. చాలామంది మాట ఒక్కటే: పన్నుల సొమ్ము ఏ మతం బడికీ పోకూడదు, కోర్టులు ఆ గ్రాంట్లన్నీ రద్దు చేస్తే పీడ విరగడవుతుంది. అలా రాసినవారిలో ఒడిశాలోని మా గజపతి, రాయగడ జిల్లాల తెలుగువారు కూడా ఉండబట్టి ఈ జవాబు రాయవలసి వచ్చింది. విశాఖపట్నంలోనో విజయవాడలోనో ఉండి ఆ మాట అనడం వేరు, పర్లాకిమిడిలో ఉండి అనడం వేరు. ఆ బడులు ఏ అధికరణం నీడన నిలబడ్డాయో ఒడిశాలో మన తెలుగు బడి కూడా ఆ నీడనే నిలబడి ఉంది.

రాజ్యాంగంలోని 30వ అధికరణం మొదటి క్లాజు, మతాన్ని బట్టి గాని భాషను బట్టి గాని అల్పసంఖ్యాకులైన వారందరికీ తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. రెండో క్లాజు, ఒక సంస్థ మతపరమైన లేదా భాషాపరమైన మైనారిటీ యాజమాన్యంలో ఉందన్న కారణంతో గ్రాంటు విషయంలో వివక్ష చూపరాదని ప్రభుత్వాన్ని కట్టడి చేసింది. మతం, భాష అన్న రెండు మాటలనూ రాజ్యాంగకర్తలు ఒకే కాడికి కట్టారు. ఒకదాన్ని విప్పి తోలేసి రెండోదాన్ని ఉంచుకుందామంటే కుదరదు. పైగా ఎవరు అల్పసంఖ్యాకులన్నది రాష్ట్రాన్ని ప్రమాణంగా తీసుకుని తేల్చాలని టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో 2002 అక్టోబరు 31న సుప్రీంకోర్టులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. దాని అర్థం మా ఊరివాళ్లకు విడమర్చి చెప్పనవసరం లేదు. పాతపట్నంలో తెలుగువాళ్లు పెట్టుకున్న తెలుగు బడికి ఈ రక్షణ లేదు. సరిహద్దు దాటి పర్లాకిమిడిలో అదే మనుషులు అదే బడి పెడితే ఉంది. ఇచ్ఛాపురంలోని ఒడియావారికి ఆంధ్రప్రదేశ్‌లో ఈ హక్కు ఉంటే, బరంపురంలోని తెలుగువారికి ఒడిశాలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేవరకు మా తాతలు మద్రాసు రాజధానిలో ఉన్నారు కనుక వాళ్లకు ఈ లెక్కలు పట్టలేదు. మనకు పట్టకపోతే మాత్రం నష్టం మనకే.

గ్రాంటు బడి మా ప్రాంతానికి కొత్త కాదు. మంచి లౌకిక విద్య చెప్పే ప్రైవేటు బడులకు ఖజానా నుంచి సాయం అందాలనీ, ఆ బడుల్లో జరిగే మత బోధన జోలికి సర్కారు పోరాదనీ 1854లో ఛార్లెస్ ఉడ్ పంపిన విద్యా ఫర్మానాలోనే ఉంది. మద్రాసు రాజధానిలో మిషన్ బడులు, ధర్మకర్తల బడులు, భాషాసంఘాల బడులు ఆ పద్ధతి మీదనే వేళ్లూనుకున్నాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లో ఉపాధ్యాయులుగా ఉంటూనే సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బు పెట్టి సవర పిల్లలకు బడులు నడిపారు. ఆయనలా చేతి సొమ్ముతో బడి నడిపేవాళ్లు తరానికి ఒక్కరు దొరికితే అదృష్టం. తక్కినవారికి గ్రాంటే ఆధారం అయింది. ఆ గ్రాంటు ఎప్పుడూ షరతులతోనే వచ్చింది. దీనికి రాజ్యాంగంలో ఒక చిత్రమైన ఉదాహరణ ఉంది. ఆంగ్లో ఇండియన్ బడులకు అంతవరకు అందుతున్న గ్రాంటు పదేళ్లపాటు, మూడేళ్లకొకసారి నూటికి పది చొప్పున తగ్గుతూ కొనసాగేలా 337వ అధికరణం ఏర్పాటు చేసింది. అయితే ఏటా చేర్చుకునే పిల్లల్లో కనీసం నూటికి 40 సీట్లు ఇతరులకు అందుబాటులో ఉంచిన బడికే ఆ సొమ్ము. రాజ్యాంగం రాసినవారు గ్రాంటును హక్కుగానో భిక్షగానో చూడలేదనడానికి, సొమ్ముతోపాటు బాధ్యత వస్తుందన్న లెక్కతో ఉన్నారనడానికి నాకు ఈ ఒక్క అధికరణం చాలు.

ఆ బాధ్యత ఎంతవరకు అన్న ప్రశ్న కేరళ విద్యా బిల్లుతో మొదటిసారి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 1957లో నంబూద్రిపాద్ ప్రభుత్వం తెచ్చిన ఆ బిల్లుపై అభిప్రాయం చెప్పమని రాష్ట్రపతి కోర్టును కోరగా, 1958 మేలో ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ నేతృత్వంలోని ధర్మాసనం జవాబిచ్చింది. గ్రాంటు తీసుకునే సంస్థపై చదువు నాణ్యత కోసం, ఉపాధ్యాయుల రక్షణ కోసం నిబంధనలు పెట్టవచ్చు, కాని గ్రాంటు కావాలంటే యాజమాన్య హక్కునే వదులుకోవాలనే షరతు చెల్లదు. నడిపే హక్కంటే పాడుగా నడిపే హక్కు కాదని కూడా ఆ అభిప్రాయంలోనే ఉంది. తరవాత వచ్చిన తీర్పులు చాలావరకు ఈ రెండు మాటల మధ్యనే అటూ ఇటూ ఊగాయి.

ఇక ఈ మధ్య ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించిన మదర్సాల విషయం. పాఠకులు రెండు తీర్పులను కలిపేసి ఒకే తీర్పుగా మాట్లాడుతున్నారు. అస్సాంలో 1995 నాటి చట్టంతో మదర్సాలను ప్రభుత్వమే తీసుకుంది. అందులో పనిచేసేవాళ్లు సర్కారు ఉద్యోగులయ్యారు, ఖర్చంతా ఖజానాది. 2020లో శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేసి వాటిని మామూలు పాఠశాలలుగా మార్చింది. దానిపై వేసిన పిటిషన్లను గౌహతి హైకోర్టు 2022 ఫిబ్రవరి 4న తోసిపుచ్చింది. కారణం 28వ అధికరణం మొదటి క్లాజు. పూర్తిగా రాజ్యధనంతో నడిచే విద్యాసంస్థలో మత బోధన ఉండరాదని అది నిక్కచ్చిగా చెబుతుంది. ముస్లిం సమాజం తన ఖర్చుతో నడుపుకునే మదర్సాల జోలికి ఆ చట్టం పోలేదు.

ఉత్తరప్రదేశ్ సంగతి వేరు. అక్కడి 2004 నాటి మదర్సా విద్యా మండలి చట్టం మదర్సాలను ప్రభుత్వపరం చేయలేదు. వాటికి గుర్తింపు, పరీక్షలు, ఉపాధ్యాయుల అర్హతలు వగైరాలు నిర్ణయించింది. ఆ చట్టం లౌకికత్వానికి విరుద్ధమంటూ అలహాబాద్ హైకోర్టు 2024 మార్చి 22న మొత్తంగా కొట్టేసి, పిల్లల్ని మామూలు బడుల్లో సర్దమంది. సుప్రీంకోర్టు ముందు స్టే ఇచ్చి, 2024 నవంబరు 5న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా ఆ తీర్పును పక్కన పెట్టింది. ఒక చట్టాన్ని కొట్టేయాలంటే అది ప్రాథమిక హక్కుల భాగాన్నో, శాసనాధికారానికి సంబంధించిన నిబంధననో ఉల్లంఘించిందని చూపాలి గాని, లౌకికత్వమనే విశాలమైన మాట ఒక్కటే సరిపోదని చెప్పింది. ఫాజిల్, కామిల్ అనే పై డిగ్రీలకు సంబంధించిన భాగం మాత్రం యూజీసీ చట్టంతో పొసగదు కనుక చెల్లదంది. చదువు ప్రమాణాలు పెంచడానికి ప్రభుత్వం అలాంటి సంస్థలను నియంత్రించవచ్చనీ, మత బోధనకు పిల్లల్ని బలవంతపెట్టే వీలు మాత్రం లేదనీ ఆ తీర్పు సారాంశం.

ఈ రెండు తీర్పులకూ వైరుధ్యం లేదు. ప్రభుత్వమే యజమాని అయిన బడి ఒకటి, ప్రభుత్వం గ్రాంటు మాత్రమే ఇచ్చే బడి మరొకటి. పన్నుల సొమ్ము అనే వాదనకు ఆధారమైన 27వ అధికరణం కూడా, ఒక మతాన్ని ప్రోత్సహించడానికని ప్రత్యేకించిన పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టరాదనే చెబుతుంది. ఒకాయన హజ్ రాయితీని దీని కింద సవాలు చేస్తే, పన్ను రాబడిలో గణనీయమైన భాగం ఒక మతానికి వెచ్చిస్తే తప్ప ఈ అధికరణం అడ్డురాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. లెక్కల మాస్టారుకు ఇచ్చే జీతం ఆ బడి పేరులో పునీతులు ఉన్నారా, పరమహంసలు ఉన్నారా అన్నదాన్ని బట్టి మత ప్రచారం కాబోదు.

మరి అంతా సవ్యంగా ఉందా అంటే లేదు. నా అభ్యంతరం వేరేచోట ఉంది. 28వ అధికరణం మూడో క్లాజును మన దగ్గర ఎవరూ పట్టించుకోలేదు. ప్రభుత్వ గుర్తింపో గ్రాంటో పొందే ఏ విద్యాసంస్థలోనైనా, విద్యార్థి సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుని సమ్మతి లేకుండా, మత బోధనలో గాని ఆ ఆవరణలో జరిగే ఆరాధనలో గాని పాల్గొనమని కోరరాదని ఆ క్లాజు చెబుతుంది. నేను గ్రాంటు మీద నడిచే ఒక బడిలో చాలా ఏళ్లు తెలుగు, సాంఘికశాస్త్రం చెప్పాను. దాని పేరు ఇక్కడ అనవసరం. ఒక ఏడాది, కూలి పని చేసుకునే ఒక తండ్రి కొడుకును చేర్పించడానికి వచ్చి, వెళ్లేముందు నన్ను గుమ్మం పక్కకు పిలిచి, "మావాడు ఆ ప్రార్థనలో నిలబడకపోతే పేరు తీసేస్తారా మాస్టారూ?" అని అడిగాడు. తీయరని చెప్పాను. చెప్పాక, అసలు ఆ మాట అతను అడగవలసిందేమిటి, మేమే కదా అతన్ని అడగాలి అనిపించింది. ప్రవేశ దరఖాస్తు తీసి చూశాను. మతం గడి ఉంది, కులం గడి ఉంది, తండ్రి వృత్తి గడి ఉంది, మాతృభాష గడి కూడా ఉంది. సమ్మతి గడి లేదు. పెద్ద మాస్టారిని అడిగితే, "ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకండీ, లేనిపోని తలనొప్పి" అన్నారు. తనిఖీకి వచ్చే అధికారులు హాజరు పట్టీలు, జీతాల పుస్తకం, సామాన్ల జాబితా ఒక్కొక్క పేజీ తిప్పి చూసేవారు. సమ్మతి పత్రాలేవీ అని ఒక్కరూ అడగలేదు. నేనూ తరవాత ఊరుకున్నాను. పదవీ విరమణ చేశాక ఈ ఉత్తరం రాయడంలో నా తప్పు నాకు కనిపిస్తూనే ఉంది.

అది క్రైస్తవ యాజమాన్యాల బడుల మీద ఫిర్యాదు అనుకుంటే పొరపాటు. ఒడిశాలో ప్రభుత్వ బడుల్లో వినాయక చవితి, సరస్వతీ పూజ ఏటా జరుగుతాయి. పిల్లలకు ఆ రోజులంటే ఇష్టం, నాకూ ఇష్టమే. కాని ఖర్చంతా ఖజానా భరించే బడికి వర్తించే మొదటి క్లాజు, గ్రాంటు బడికి వర్తించే మూడో క్లాజు కంటే ఎన్నో రెట్లు కఠినమైనది. కేంద్రీయ విద్యాలయాల్లో ఉదయం చదివించే సంస్కృత, హిందీ ప్రార్థన ఆ మొదటి క్లాజుకు విరుద్ధమంటూ ఒక పిటిషన్ పడితే, అది తేలిగ్గా తేల్చే విషయం కాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. మదర్సా తీర్పు వచ్చినప్పుడు ఉత్తరాలు కుప్పగా రాసిన మన పాఠకులు ఈ కేసు గురించి ఒక్క పోస్టుకార్డు రాసినట్టు నాకు గుర్తు లేదు. మతం గురించి చెప్పడం, మతాన్ని పాటింపజేయడం వేరువేరు సంగతులని 2002లో అరుణారాయ్ కేసులో కోర్టు చెప్పి ఉంది. మతాల గురించి తెలియజెప్పడం మత బోధన కాదు. పండగకు మామిడాకు కట్టడం వరకు ఎవరూ కోర్టుకు పోరు. ఇష్టం లేని పిల్లవాణ్ణి చేతులు జోడించమని నిలబెట్టినప్పుడే చిక్కు.

అలాగే 30వ అధికరణం పేరు చెప్పి తప్పించుకునే యాజమాన్యాలను కూడా వెనకేసుకు రాలేను. 2014 మే 6న ప్రమతి ట్రస్టు కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మైనారిటీ బడులు, గ్రాంటు తీసుకునేవైనా తీసుకోనివైనా, విద్యాహక్కు చట్టం పరిధిలోకి రావని తీర్పు చెప్పింది. గ్రాంటు లేనివాటి మాట ఎలా ఉన్నా, ఖజానా నుంచి జీతాలు తీసుకునే బడికి కూడా ఆ మినహాయింపు ఎందుకో నాకు ఎప్పుడూ బోధపడలేదు. ఉపాధ్యాయ అర్హత పరీక్ష మైనారిటీ బడుల టీచర్లకు వర్తిస్తుందా అన్న వ్యాజ్యాల్లో 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల బెంచ్ ప్రమతి తీర్పుపైనే సందేహం వ్యక్తం చేసి, విషయాన్ని విస్తృత ధర్మాసనం ముందుంచమని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. ఆ వ్యాజ్యాల్లో కొన్ని మహారాష్ట్ర నుంచి వెళ్లినవి కనుక సిరొంచ, దెగ్లూరు వైపున్న మన తెలుగువాళ్లు కూడా దీన్ని గమనించడం మంచిది. పాఠం చెప్పే మనిషికి అర్హత ఉండాలనడం నడిపే హక్కుకు భంగమెలా అవుతుంది?

గ్రాంటు ఆగిపోవడానికి మతమే కారణం కానక్కరలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను సిబ్బందిని అప్పగించండి, లేదా గ్రాంటు లేకుండా నడుపుకోండి అన్నప్పుడు, మిషన్ బడులతోపాటు హిందూ ధర్మకర్తల కళాశాలల విద్యార్థులు కూడా రోడ్డెక్కారు. చివరకు నిర్ణయాన్ని యాజమాన్యాల ఇష్టానికి వదలవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో, ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక ఇంటర్ కళాశాల కేసులో, గ్రాంటు పొందడం ప్రాథమిక హక్కు కాదనీ, విధాన నిర్ణయంగా ప్రభుత్వం దాన్ని ఆపితే మైనారిటీ, ఇతర సంస్థల మధ్య తేడా ఉండదనీ సుప్రీంకోర్టు చెప్పింది. కనుక మతం బడుల గ్రాంటు ఆపేయమని ఇవాళ మనం కేకలు వేస్తే, ప్రభుత్వం రేపు అందరి గ్రాంటూ సమంగా ఆపి ఆ కోరిక తీర్చగలదు. అప్పుడు మిషన్ల వెనక డయోసీసులు (బిషప్పుల కింది చర్చి విభాగాలు) ఉంటాయి, మఠాల బడుల వెనక మఠాలు ఉంటాయి. గుణుపురంలో తెలుగు బడి వెనక ఎవరున్నారు? ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు వసతి కల్పించాలన్న 350ఎ అధికరణం 1956లోనే వచ్చింది. అయినా నేను పనిచేసిన బడిలో నా తరవాత తెలుగు చెప్పడానికి ఎవరినీ వేయలేదు.

అమెరికాలో ప్రభుత్వ సొమ్ము మతం బడికి పైసా పోదని ఒక పాఠకుడు రాశారు. అది పాత కథ కూడా కాదు, అసలు కథే కాదు. న్యూజెర్సీలో కాథలిక్ బడులకు వెళ్లే పిల్లల బస్సు ఛార్జీలు తల్లిదండ్రులకు తిరిగి ఇవ్వవచ్చని 1947లోనే అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఒప్పుకుంది. మెయిన్ రాష్ట్రంలో జనం పలచగా ఉండే పల్లెల్లో హైస్కూళ్లు లేక, పిల్లలు ఎంచుకున్న ప్రైవేటు బడికి ప్రభుత్వమే ఫీజు కడుతుంది. అందులోంచి మతం బడులను మినహాయించడం చెల్లదని 2022 జూన్‌లో 6-3 తేడాతో తీర్పు వచ్చింది. మా జిల్లాలోని సెరంగో కొండల మీది పిల్లల్ని చూసినవాళ్లకు ఆ మెయిన్ పల్లెలు ఊహకు అందుతాయి. అక్కడా హద్దు ఎక్కడన్నది తేలలేదు: ఓక్లహామాలో ఒక కాథలిక్ బడిని ప్రభుత్వ నిధులతో నడిచే ఛార్టర్ బడిగా గుర్తించడం చెల్లదని ఆ రాష్ట్ర కోర్టు చెబితే, 2025 మే 22న సుప్రీంకోర్టు 4-4గా చీలిపోవడంతో ఆ తీర్పే నిలిచింది. ప్రభుత్వ బడిగా పిలిపించుకోవాలంటే ఒక పద్ధతి, ప్రైవేటు బడిగా ఉండి సాయం పొందాలంటే మరొక పద్ధతి అన్నచోటికే వాళ్ల వాదనలూ చేరుకుంటున్నాయి. అస్సాం, ఉత్తరప్రదేశ్ తీర్పులు నిలిచింది కూడా ఆ గీత దగ్గరే.

మీ పత్రిక మా సరిహద్దు జిల్లాల విద్యాశాఖ అధికారుల దృష్టికి తీసుకువెళ్లవలసిన చిన్న పని ఒకటి ఉంది. గుర్తింపు లేదా గ్రాంటు పొందే ప్రతి బడి ప్రవేశ దరఖాస్తులో, మతం గడి పక్కనే, ప్రార్థనకూ మత బోధనకూ సంరక్షకుని సమ్మతి ఉందా లేదా అన్న గడి ఒకటి ఉండాలి. దాన్ని ఒడియాలో మాత్రమే కాక మా దగ్గర తెలుగులో, కొండ మండలాల్లో సవర, కువి భాషలవారికి చదివి వినిపించేలా అచ్చు వేయాలి. వద్దన్న పిల్లవాడు ఆ పావుగంట గ్రంథాలయంలో కూర్చోవచ్చని దాని కిందనే రాయాలి. గ్రాంటు తనిఖీకి వచ్చే అధికారి జీతాల పుస్తకంతోపాటు ఆ పత్రాల కట్ట కూడా అడగాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర లేదు, కోర్టు తీర్పు కోసం ఆగనక్కర లేదు, 1950 నుంచి ఉన్న క్లాజు చాలు. ఆ రోజు నన్ను గుమ్మం పక్కకు పిలిచిన తండ్రి కొడుకు ఇప్పుడు ఒక బిడ్డకు తండ్రి. వచ్చే ఏడాది ఆ పాపను ఒకటో తరగతిలో చేర్పిస్తాడని విన్నాను. దరఖాస్తు ఇంకా పాతదే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.